పదకొండో ప్లగ్గు

"ఏమోయ్, తీశావా?"

ఆ ఇంట్లో ఉరుముకన్నా ముందు వినిపించే మాట ఇది. ఆకాశం ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉంటుంది, ఈలోగా హాల్లోంచి మామగారు, పక్కగదిలోంచి అత్తగారు, మేడమీంచి భర్త అందుకుంటారు. ఉరుము పాపం తన వంతు వచ్చేదాకా వాకిట్లో నిలబడాల్సిందే.

గుట్టమీద చివరి ఇల్లు అది. పిడుగులకి ఆ గుట్ట పుట్టిల్లు. లోకమంతా తిరిగి అలిసిపోయి ఏడాదికి నాలుగు నెలలు అక్కడికొచ్చి దిగుతాయి. ఒక పిడుగు ఎదురింటివాళ్ల బట్టల తీగమీద పడి, ఈ చివర్నించి ఆ చివరికి నడిచి, ఆరేసిన ప్యాంటు జిప్పు మాత్రం అతికించి పోయిందని మామగారు చెప్తారు. ఇంకో పిడుగు ఆయన్ని గుర్తుపట్టి, మొహమాటపడి, పక్కవీధికి మళ్లిందట. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో చేసిన మనిషి. ఆఫీసులో అంటే ఆఫీసులోనే. ఆయన స్తంభం ఎక్కింది కథల్లో మాత్రమే.

ఆయన ఎర్ర సిరాతో రాసి వంటింటి తలుపుకి అంటించిన కాగితం ఒకటుంది. ఉరిమినప్పుడు ఏ ప్లగ్గు తర్వాత ఏ ప్లగ్గు తీయాలో దాన్లో వరసగా ఉంటుంది. పిడుగు ఎటునుంచి వస్తుందో చూసి వేసిన వరస కాదది, ఇంట్లో ఎవరు పెద్దో చూసి వేసింది. మొదటిది మామగారి టీవీ. రెండోది అత్తగారి మెడనొప్పి యంత్రం. మూడు, నాలుగు మేడమీద మొగుడి కంప్యూటరు, దాని పక్క పాటల పెట్టె. మళ్లీ కిందికి దిగొచ్చి ఫ్రిజ్జు, మిక్సీ, నీళ్ల మోటారు. అలా దిగుతూ దిగుతూ అట్టడుగున, పదకొండోది, నెట్టు డబ్బా. అంటే మోడెం. ప్రతి వస్తువుకీ ఎదురుగా 'బాధ్యత' అని ఒక గడి. పదకొండు గడుల్లోనూ ఒకటే మాట: కోడలు. ఒకసారి రాసి కింద గీతలు గీసినా సరిపోయేది. ఆయన ఓపిగ్గా పదకొండుసార్లూ రాశారు.

ఆ పదకొండోదాని మీదే ఆమె ఉద్యోగం. ఆసుపత్రి డాక్టర్లు రోగుల్ని చూసి నోటితో చెప్పిన మాటలు నెట్టులో వస్తాయి. ఆమె చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని విని, టైపు చేసి వెనక్కి పంపాలి. గుండె డాక్టరు ఎప్పుడూ ఏదో నములుతూ చెప్తాడు. ఎముకల డాక్టరు వాక్యం మధ్యలో డ్రైవర్ని తిడతాడు, ఆ తిట్లు వదిలేసి ఎముకలు ఏరుకోవాలి. ఆమె బల్ల హాలు గుమ్మం అవతల, బట్టలుతికే యంత్రానికీ చెప్పుల స్టాండుకీ మధ్య ఉంది. "ఇంకెక్కడుంది చోటు?" అన్నాడు మొగుడు, పాటల పెట్టెకి ఒక గది మొత్తం ఇచ్చినవాడు. వచ్చినవాళ్లతో అత్తగారు, "మా కోడలు ఇంట్లోనే ఉంటుందండీ, ఏదో టకటకలాడిస్తూ ఉంటుంది" అని చెప్తుంది, ఇంట్లో వడ్రంగిపిట్టని పెంచుతున్నట్టు.

ఉరిమితే ఆమె గుండె డాక్టర్ని నోట్లో ముద్దతో అలాగే వదిలేసి లేవాలి. హాలు, పక్కగది, మేడ, వంటిల్లు, పెరడు. టీవీ ప్లగ్గు మామగారి కుర్చీకి మూరెడు దూరం, చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ చెయ్యి రిమోటు కోసం పుట్టింది. ఒకసారి ఆమె ఉండబట్టలేక అంది, "మావయ్యగారూ, ఆ ఒక్కటీ మీరు తీయకూడదూ?" అని. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నాకు షాకు తగిలితేనో? నీకంటే అలవాటు కదమ్మా!"

ఆమె పది ప్లగ్గులు తీసి పదకొండోదాని దగ్గరికి వచ్చేసరికి పిడుగు టెలిఫోను తీగ పట్టుకుని ముందే ఇంట్లోకి వచ్చి కూర్చునేది. అలా రెండు మోడెములు మాడిపోయాయి. మోడెం పోయిన ప్రతిసారీ నాలుగైదు రోజులు పని ఆగేది. రెండోసారి సూపర్‌వైజరు ఫోన్ చేసి మెత్తగానే చెప్పింది. "నీ పని బావుంటుందమ్మా, కాదన్ను. కానీ రోగి రిపోర్టు మీ ఊరి మబ్బుల కోసం ఆగదు కదా. ఇంకోసారి ఇలా అయితే నీ సీటు వేరేవాళ్లకిచ్చేస్తారు."

ఆ మాట భోజనాల దగ్గర చెప్తే మొగుడు ఒక్క ముక్క తేల్చాడు. "కాస్త చురుగ్గా తిరగొచ్చుగా నువ్వు!"

కొత్త మోడెం కోసం ఇద్దరూ షాపుకెళ్లారు. షాపువాడు ఆరు యాంటెన్నా కొమ్ములున్నదాన్ని తెచ్చి బల్లమీద పెట్టాడు. వెల్లకిలా పడ్డ ఎండ్రకాయలా ఉంది. మొగుడి కళ్లు మెరిశాయి. ఆమె అడిగింది, "పిడుగు మాకు టెలిఫోను రాగి తీగలోంచి వస్తోందండీ. కొమ్ములెన్నుంటే ఏం? రాగి కాకుండా గాజు తీగతో వచ్చే కనెక్షను ఉందంటారే, దానికి పనికొచ్చే డబ్బా ఏదైనా ఉందా?" షాపువాడు ఆమె మాట విన్నాడు, మొగుడి వైపు తిరిగి జవాబిచ్చాడు. "మేడంగారికి రంగు నచ్చినట్టు లేదు సార్. తెల్లది కూడా ఉంది." మొగుడు నవ్వాడు. తెల్లదే కొన్నాడు. దారంతా కొమ్ముల గురించి చెప్తూనే ఉన్నాడు.

కొమ్ములది పంతొమ్మిది రోజులు బతికింది.

ఆ మధ్యాహ్నం ఆమె పరుగెత్తింది. నిజంగానే చురుగ్గా తిరిగింది. పది తీసింది. మోడెం వెనక టెలిఫోను తీగ పట్టుకుని లాగుతుండగా వీధి స్తంభంమీద పిడుగు పడింది. గోడంతా ఒక్కసారి నీలంగా అయింది. మణికట్టు నుంచి భుజందాకా ఎవరో తడిబట్టని మెలిపెట్టి పిండినట్టయింది. వెనక్కి తూలి నలుగురి చెప్పుల మధ్య కూలబడింది.

మొగుడు మెట్లమీంచి తొంగిచూసి అడిగాడు. "మోడెం పోయిందా?"

"టీవీ తీశావు కదా?" అంది అత్తగారు.

మామగారు కుర్చీలోంచి లేవకుండా అన్నారు. "రబ్బరు చెప్పులేసుకోమని చెప్తూనే ఉన్నాను. చెప్తే వింటేగా!"

మూడు రోజులు ఆమె కుడిచేతి వేళ్లు దువ్వెన పట్టుకోలేకపోయాయి. నాలుగోరోజు, సీటు పోతుందని, పక్కింటివాళ్ల నెట్టు బతిమాలి తీసుకుని ఎడమచేత్తో టైపు చేసింది. ఎముకల డాక్టరు చెప్పుకుపోతున్నాడు. కుడి మణికట్టు, నొప్పి ఎప్పట్నుంచి, వేళ్లు ముడుచుకుంటున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా. ఎక్కడో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతిని ఇన్ని ప్రశ్నలడిగి రాయిస్తున్నారు, ఈ ఇంట్లో మూడు నోళ్లుండి ఒక్క ప్రశ్న రాలేదు, వచ్చినా డబ్బా గురించి వచ్చింది అనుకుంది ఆమె. ఇన్నాళ్లూ వీళ్లకి తెలియదు, మగవాళ్లకీ పెద్దవాళ్లకీ ఇవి తట్టవు అని తనే వకాల్తా పుచ్చుకుని సర్దిచెప్పుకుంది. తెలియకపోవడమేమిటి? తెలియనివాడైతే ఏదో ఒకరోజు పొరపాటున తనే తీసేవాడు. ఆరేళ్లలో ఒక్క పొరపాటు జరగలేదే! ఆ తీగలో ఏముందో తెలిసినవాడే ఇంకొకరి చేతిని పంపుతాడు. 'నాకు షాకు తగిలితేనో' అన్న పెద్దమనిషికి షాకు తగులుతుందని తెలుసు, కోడలికి చెయ్యుందనీ తెలుసు, ఆ రెండూ కలిపి చూడటమే ఆయనకి అవసరంలేదు. రాసి మరీ పెట్టాడు. పదకొండుసార్లు. అందులో తన బతుకుని పదకొండోదానిగా వేస్తే, తను దాన్ని రోజూ చూస్తూ కూరలు తరిగింది. కోపం వాళ్లమీద ఎంతొచ్చిందో తనమీదా అంతే వచ్చింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి గాజు తీగ కనెక్షనుకి సంతకం పెట్టింది. తీగ లాగే మేస్త్రీ నిచ్చెన మోసుకొచ్చి గుమ్మంలో అడగాల్సిందే అడిగాడు. "సార్ ఉన్నారామ్మా?"

"సార్‌కి ఏం తెలుసని? సంతకం నాది, పని నాది. నన్నడుగు."

"అంటే, ఎక్కడ పెట్టాలో..."

"నా బల్లమీద. నా చెయ్యి అందేచోట. ఇంతకీ నీ తీగలో బలానికి ఇనప తీగ ఏమైనా ఉందా? ఉంటే వద్దు. గాజులో కరెంటు రాదు గానీ పక్కన ఇనుముంటే దాన్ని పట్టుకుని వస్తుందిగా."

మేస్త్రీ నిచ్చెన దించి ఆమెని ఎగాదిగా చూశాడు. "పదేళ్లుగా లాగుతున్నానమ్మా, ఈ ముక్క ఎవరూ అడగలేదు. ఇందులో ఉంది. లేనిది రేపు తెస్తాను." తెచ్చాడు కూడా. పోతూపోతూ, "దీనికి చిన్న బ్యాటరీ డబ్బా పెట్టుకోండి. ఉరిమినప్పుడు గోడలోంచి ప్లగ్గు తీసేసినా మూడు గంటలు నెట్టు నిలబడుతుంది. పిడుగుకి మీ బల్లమీదికి రావడానికి తోవే ఉండదు" అన్నాడు. ఆమె అప్పుడే వెళ్లి అదీ కొనుక్కొచ్చింది.

సాయంత్రం మొగుడు గాజు తీగతో వచ్చిన చిన్న నల్ల మోడెం డబ్బాని తిప్పితిప్పి చూశాడు. "దీనికి కొమ్ములేవి? అయినా నన్నొక్కమాట అడగొద్దూ?"

"మొన్న షాపులో నేనడిగానుగా. మీరు నవ్వి తెల్లది కొన్నారు."

మర్నాడు పొద్దున వంటింటి తలుపుమీద కాగితంలో కొత్త ఎర్ర గీత కనబడింది. పన్నెండు: బ్యాటరీ డబ్బా. బాధ్యత: కోడలు. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె దాన్ని చదివింది. చింపలేదు. తడి చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లి తన బల్లముందు కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. గుండె డాక్టరు ఏదో నములుతున్నాడు. గుట్ట వెనక గొణుగుడు మొదలైంది.

"ఏమోయ్, తీశావా?" మేడమీంచి.

"అమ్మాయ్, తీశావా?" పక్కగదిలోంచి.

ఆమె కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపింది. బ్యాటరీ డబ్బా ప్లగ్గు ఒకటి, ల్యాప్‌టాపు ప్లగ్గు ఒకటి. రెండూ ఊడొచ్చాయి. తెరమీద అక్షరాలు చెక్కుచెదరలేదు. హెడ్‌ఫోను ఒక చెవినించి జరిపి, ఇల్లంతా వినబడేలా చెప్పింది.

"నావి తీసేశాను. మీవి మీరు తీసుకోండి."

ఉరుముక్కూడా ఏం చేయాలో తోచక ఒక్కక్షణం ఆగింది.

"ఏమిటా మాటలు?" అంది అత్తగారు. "పెద్దాయన లేస్తారా ఇప్పుడు?"

"నీకేమైంది ఇవాళ?" మొగుడు మెట్లు సగం దిగొచ్చి నిలబడ్డాడు. ఆమె టైపు చేస్తూనే ఉంది. ఈసారి మెరుపు దగ్గర్లోనే మెరిసింది. అతని మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. గిరుక్కున తిరిగి మేడమీదికి రెండేసి మెట్లెక్కాడు. అంత చురుగ్గా అతను నడవగలడని ఆమెకి అప్పుడే తెలిసింది.

హాల్లో మామగారు టీవీ ప్లగ్గు వైపు చూస్తున్నారు, అది ఆయన్ని చూస్తోంది. కథల్లో స్తంభాలెక్కిన చెయ్యి ఆ మూరెడు దూరం వెళ్లి సగంలో ఆగిపోయింది.

"అమ్మా," అన్నారు. మొదటిసారి ఆయన గొంతులో పిడుగుని మళ్లించిన మనిషి లేడు. "నాకు షాకు తగిలితేనో?"

ఆమె రెండో చెవినించి కూడా హెడ్‌ఫోను తీసింది. ఆయన కళ్లలోకి చూసి, ఒక్కొక్కమాటా విడివిడిగా చెప్పింది.

"తగిలితే, ముందు మీ చెయ్యి ఎలా ఉందని అడుగుతాను మావయ్యగారూ. టీవీ సంగతి ఆ తర్వాతే."