కార్డు, పూలు, అచ్చు

నరహరికి పక్షవాతం వచ్చి ఏడాది కావస్తోంది. అంతకుముందు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర పెళ్లిపత్రికలు డిజైన్ చేసే షాపు నడిపేవాడు. ఇప్పుడు నడక తిరిగి వచ్చింది, కుడిచెయ్యి కొంత స్వాధీనమైంది. మాటే సగంలో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు చూస్తే ఏమీ తోచదు. తెలుగైతే తెర మీద వేలు పెట్టుకుని మెల్లగా చదువుతాడు. పనిలేక పొద్దంతా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటాడు. "ఆ తిరుగుడు నేను సూడలేనే" అని భార్య జ్ఞానేశ్వరి ఫోన్‌లో ఏడిస్తే, కూతురు భరణి సెలవు పెట్టి హైదరాబాదు నుంచి వచ్చింది.

షాపును తన దగ్గరే పని నేర్చుకున్న ప్రవీణ్‌కు అప్పగించినప్పుడు ఇంటికి తెచ్చుకున్న పాత కంప్యూటర్ ఒకటి మూలన ఉంది. దానికి బరువైనవేవీ పనికిరావని భరణి లినక్స్ అనే తేలికైన ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది. ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ఒక మెనూ వస్తుంది, అంతే. ఆ మెనూ తయారుచేయడానికి చిన్న టూల్ ఒకటుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాములన్నీ వెతికి, రకాలవారీగా పేర్చి, మెనూ ఫైలు తనే రాసేస్తుంది.

మొదటిసారి తెర నిండా ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. నరహరి "వద్దు, వద్దు" అంటూ లేచిపోయాడు. భరణి ఆ ఫైలు తెరిచి అక్కర్లేనివన్నీ కొట్టేసి, మిగిలినవాటికి తెలుగు పేర్లు పెట్టింది: చిత్రలేఖనం, ముద్రణ, అంతర్జాలం. నరహరి ఒక్కోటీ చదివాడు. దేనిమీదా నొక్కలేదు. మౌస్‌ను అటూ ఇటూ జరిపి పక్కకు నెట్టేశాడు.

"అలవాటైతది తియ్ బాపూ" అంది భరణి, తనకు తాను చెప్పుకున్నట్టు.

మర్నాడు పొద్దున ప్రింటర్ సాఫ్ట్‌వేర్ వేసింది. అది మెనూలోకి రావాలని తొందరలో టూల్‌ను మళ్లీ నడిపింది. పాత ఫైలు మీదే రాయమని కూడా చెప్పేసింది. అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూ డాబా ఎక్కింది. దిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. తెర మీద మళ్లీ అవే ఇంగ్లీషు పేర్లు, పై నుంచి కింది దాకా. తను పెట్టిన తెలుగు ఒక్క ముక్క లేదు.

"బాపు ఏడే?" అంటూ జ్ఞానేశ్వరి వంటింట్లోంచి వచ్చింది.

అతని ఫోన్ బల్ల మీదే ఉంది. జబ్బు చేశాక నరహరి ఒంటరిగా గల్లీ దాటలేదు. భరణి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తింది. మంగలి షాపులో చూసింది, చాయ్ హోటల్లో అడిగింది. రోడ్డు మీద ఆటోలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు పోతున్నాయి. ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే బాపు చెప్పలేడు. మార్కెట్ మలుపులో ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, నేను ప్రవీణ్‌ను. కాక గీడికొచ్చిండు. పరేషాన్ కాకు, కూసున్నడు."

షాపులో నరహరి తన పాత జాగాలోనే ఉన్నాడు. ప్రవీణ్ చేస్తున్న పెళ్లిపత్రిక తెర మీద ఉంది. నరహరి ఒక్కో గుర్తు మీద వేలు పెట్టి గట్టిగా, విరిచి విరిచి పలుకుతున్నాడు. "కార్డు." డిజైన్ చేసే ప్రోగ్రాం అది. "పూలు." అంచులకు వేసే బొమ్మలవి. "అచ్చు."

"నాకు పని నేర్పినప్పుడు గిట్లనే అంటుండె" అన్నాడు ప్రవీణ్. "కార్డు తెరువురా, పూలు తియ్యిరా అని."

భరణి పక్కన కూలబడింది. ఊపిరి ఇంకా కుదుటపడలేదు. "నేను రాసినయి తెల్వలేదా బాపూ? ముద్రణ, అంతర్జాలం..."

నరహరి మొహం చిట్లించాడు. "ఎవల... మాటనే అది?"

భరణి తెర మీది గుర్తుల వైపు మళ్లీ చూసింది.

ఇంటికి వచ్చాక మెనూ ఫైలు మళ్లీ తెరిచింది. ఈసారి పేర్లు ఆమె పెట్టలేదు. ఒక్కో ప్రోగ్రాం తెరిచి చూపించి, అతను నోరు తెరిచేదాకా ఆగింది. ఒక్కో మాట రావడానికి చాలాసేపు పట్టింది; రెండుసార్లు అతను బల్ల గుద్ది లేచి వాకిట్లోకి పోయి మళ్లీ వచ్చాడు. చెప్పింది చెప్పినట్టే రాసింది. టూల్ మళ్లీ ఎప్పుడు నడిచినా తాకని చోట ఆ ఫైలు భద్రం చేసింది.

నరహరి కుడి బటన్ నొక్కాడు. 'కార్డు' దగ్గర ఆగి, నొక్కాడు. తెల్లటి పేజీ తెరుచుకుంది. అంచున ఒక గీత గీశాడు. వంకర పోయింది. చెరిపాడు. మళ్లీ గీశాడు.

"అన్నం తిందురు రాండ్రి" అని జ్ఞానేశ్వరి పిలిచింది. అతను తల తిప్పలేదు. భరణి సాయం చేయబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"నువ్ తినుపో" అన్నాడు. జబ్బు చేశాక ఎక్కడా తడబడకుండా అతను అన్న మొదటి పూర్తి వాక్యం అది.