ముప్పై ఏడో టోకెను

నరసింహమూర్తి మా చిల్కానగర్ ప్రార్థన మందిరంలో అడుగుపెట్టిన రోజు నాకు దేవుడి మీదే కోపమొచ్చింది. ఉప్పల్‌లో ఇన్ని మందిరాలుండగా ఈ రేకుల షెడ్డే దొరికిందా ఆయనకి?

2003లో ఆయన నాచారంలో ఒక దారం ఫ్యాక్టరీకి సూపర్వైజరు. నేను రీళ్ళు చుట్టేదాన్ని. అక్కడ మాకు పేర్లుండవు, ఇత్తడి టోకెన్లే. నాది ముప్పై ఏడు. ఒక సాయంత్రం గేటు దగ్గర నా సంచి కుమ్మరిస్తే మూడు రీళ్ళు పడ్డాయి. నేను పెట్టలేదు. నరసింహమూర్తి వాటిని దారానికి గుచ్చి నా మెడలో వేసి, షిఫ్టు వదిలిన జనమంతా చూస్తుండగా గంటసేపు నిలబెట్టాడు. పని పోయింది. బస్తీలో చిన్నపిల్లలు కూడా "దొంగ నర్సమ్మ" అన్నారు. మా ఆయన హన్మయ్య తిట్టలేదు, కొట్టలేదు. "నిజంగ తియ్యలేదా?" అని ఒక్కసారి అడిగాడు. అంతే.

ఆ రోజుల్లోనే పాస్టరుగారి భార్య అరుణకుమారి అమ్మ మా గల్లీకి ప్రార్థనకొచ్చి, "నీ పేరేందమ్మా?" అని అడిగింది. దేవుడికి నా పేరు తెలుసట. నేను తియ్యలేదనీ తెలుసట. ఇంకేం కావాలి నాకు? ఏడాది తిరక్కుండానే బాప్తీస్మం తీసుకున్నాను, తర్వాత హన్మయ్యా తీసుకున్నాడు. వెంకటనర్సమ్మ పేరు మార్చుకుంటావా అంటే మాత్రం వద్దన్నాను. "వెంకన్నను, నర్సన్నను ఇద్దర్నీ ఎంటబెట్టుకొనే వస్తివా?" అని ఆడవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు. నంబరు కింద నలిగిన పేరు. ఇప్పుడిప్పుడే ఒకరు పిలుస్తుంటే ఎందుకు వదులుకుంటాను?

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకి, అంటే రొట్టె, రసం పంచుకునే ఆరాధనకి, ద్రాక్షరసం కాచేది నేనే. శనివారం నల్ల ద్రాక్ష తెచ్చి, ఉడికించి, పాత చీర గుడ్డలో వడకడతాను. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు అడుగుతారు, ఎవరికైనా ఎవరి మీదైనా పగ ఉంటే ఇప్పుడే సమాధానపడండి, లేకపోతే బల్ల ముట్టవద్దు అని. ఆరేళ్ళు తల వంచుకుని కూర్చున్నాను. ఆరేళ్ళూ రొట్టె తిన్నాను.

ఇప్పుడు ఈ నరసింహమూర్తి. జుట్టు నెరిసింది, పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. కొన్నాళ్ళు వచ్చాక బాప్తీస్మం తీసుకున్నాడు. ఆ ఆదివారం ఆయనకి మొదటి బల్ల. లేచి సాక్ష్యం చెప్పాడు. తాగుడు చెప్పాడు, పేకాట చెప్పాడు, భార్యని కొట్టిన సంగతి చెప్పి ఏడ్చాడు. నా వంతు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. నన్ను బజారున నిలబెట్టిన పాపం ఆయన పాపాల్లోనే లేదు! అందరూ "స్తోత్రం" అన్నారు. నా ఒళ్ళు భగ్గుమంది.

పాస్టరుగారు ఎప్పట్లాగే పగ సంగతి అడిగారు. నేను లేచాను.

"నాకుంది అయ్యగారూ. గాయన మీద. నేనెవర్నో ఆయన్నే అడుగుండ్రి."

నరసింహమూర్తి నన్ను తేరిపార చూశాడు. "ముప్పై ఏడు," అన్నాడు.

"పేరు?"

తల అడ్డంగా ఊపాడు. ఎన్నడైనా తెలుసుకుంటే కదా!

"వెంకటనర్సమ్మ. ఇగ జర చెప్పు సారూ, అందరు ఇంటరు. రీళ్ళు నా సంచిల ఎట్ల పడ్డయ్?"

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "నేనే వేయించాను. రీళ్ళు బయట అమ్ముకునేవాణ్ణి. సరుకు తగ్గిందని మేనేజరు నిలదీస్తే, ఈ వెంకటనర్సమ్మ సంచిలో వేయించాను. ఈమె దొంగ కాదండీ. నేను."

మగవాళ్ళ వైపు కూర్చున్న హన్మయ్య తలెత్తలేదు. నా కడుపు చల్లబడింది. పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు నరసింహమూర్తి పనిచేసే చెయ్యి చాపాడు. మా మందిరంలో ఆనవాయితీ అది, చేతులు కలిపితే సమాధానపడ్డట్టు. ఆ చెయ్యే నా మెడలో రీళ్ళు వేసింది. నా చెయ్యి లేవలేదు.

"మరి ఇన్నేండ్లు బల్ల ఎట్ల తీసుకున్నవ్ నర్సమ్మా?" అంది అరుణకుమారి అమ్మ మెల్లగా.

"అబద్ధమాడి తీసుకున్ననమ్మా."

పళ్ళెం ఆయన్ని దాటింది, నన్నూ దాటింది. నేను కాచిన రసం వాసన నా ముక్కు కిందినుంచే పోయింది. ఏడుపొచ్చింది. అయినా దేవుడి ముందు అబద్ధం లేకుండా కూర్చున్నది ఆ ఒక్క ఆదివారమే.

నాలుగు వారాల తర్వాత శనివారం మళ్ళీ ద్రాక్ష పొయ్యి మీద పెట్టాను. హన్మయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు సారుతోని చెయ్యి కలుపుతవా?"

"ముందు నీతోని తేలాలె. నిజంగ తియ్యలేదా అని అడిగినవ్, యాదున్నదా?"

ఆయన గడప మీద కూలబడ్డాడు. "అడగొద్దుండె," అన్నాడు.

ఏడేళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకి. పొయ్యి మంట తగ్గించాను. నరసింహమూర్తి సంగతి రేపు చూసుకుంటాను.