మీదికి దుంకిన మాట

తొర్రూరుల పొద్దుగాల మొదటి బస్సు హారన్ కొట్టంగనే కస్తూరి జడ వేసుకునేది, కుచ్చిళ్లు సర్దుకునేది, నడుసుకుంట బడికి పోయేది. టెంపరరీ పంతులమ్మ. పర్మినెంటు అయితే సరే, లేకుంటే నెల్లికుదురు మేనబావతోని లగ్గమని బాపు తేల్చి చెప్పిండు. ఆ బావ మొకం యాదికొస్తే కస్తూరికి ఆకాశం కూడ ఇరుకైనట్టుండేది.

డెబ్బైఒకటిల, తెలంగాణ ఉద్యమం చల్లబడ్డంక, కోస్తా దిక్కు ఆఫీసరొకాయన తనిఖీకి వచ్చిండు.

"పాఠం మొదలుపెట్టండమ్మా."

"జర ఆగుండ్రి సార్, పోరగాండ్లు ఇంక రాలే."

ఆయన పడి పడి నవ్విండు. "ఇదేం తెలుగు? పిల్లలకు దీన్నే నేర్పుతున్నారా?" ఏదో రాసుకోని, పర్మినెంటు సంగతి మళ్లీ ఏడాదికి చూస్తానన్నడు.

ఆ మాట దుంకి కస్తూరి భుజాల మీద కూసుంది. పిల్లికంటె జర పెద్దగ, బూడిద రంగుల. ఊరికది కొత్త కాదు. కూరగాయల యాకమ్మకు చిన్నప్పటి సంది రెండున్నయి. గంప వాటి నడుమ పెట్టుకుంటది. ఇంట్ల అమ్మ రవికె మెడ వదులు చేసి కుట్టింది.

మాపటికి కస్తూరి ఇంగ్లీషు సత్యం సారు ఇంటికి పోయింది.

"దీన్ని ఇంగ్లీషుల ఏమంటరు సార్?"

"ఇన్సల్ట్. లాటిన్ల పుట్టింది బిడ్డా. అప్పుడు మీదికి దుంకుడనే అర్థం. ఇంగ్లీషోల్లు ముందుగాల పొగరు చూపుడుకు వాడిండ్రు, పరువు తీసుడనేది తర్వాత. మనిషి దుంకుడు బంజేసిండు, మాటను దుంకిస్తుండు."

"దిగుమనెటందుకు మాట లేదా?"

"నలబై ఏండ్ల సంది వెతుకుతున్న." సారు అటు తిరిగిండు. వీపు మీద ముసలిది, బొచ్చు రాలింది, కునుకుతున్నది.

ఏడాదంత కస్తూరి రేడియో ముందల కూసోని 'వచ్చాడు, వెళ్లాడు' అని నాలుక తిప్పింది. ఆఫీసరు మళ్లొచ్చిండు. పాఠం నున్నగ సాగింది.

"మీ నాన్నగారు ఎక్కడికి వెళ్లారు?" అని మూడో తరగతి సుమిత్రను అడిగింది.

సుమిత్ర సంబురంగ లేచింది. "బాపు చిట్యాలకు పోయిండు టీచర్! రేపొస్తడు!"

ఆఫీసరు కలం ఆగింది. కస్తూరి దిక్కు చూసిండు.

కస్తూరి నవ్వింది. "పోయిండట! బర్లు కాసేవాళ్ల మాట!"

తరగతంత గొల్లుమన్నది. బూడిదరంగుది ఒక్క దుంకు దుంకింది. కస్తూరి భుజాలు తేలికైనయి. ఆఫీసరు తలాడించి పర్మినెంటు కాయితం మీద సంతకం పెట్టిండు.

సుమిత్ర తల వంచుకోని కూసుంది. ఆమె భుజాల మీది దానికి జాగ చాలదని, పక్కపిల్ల బెంచీ మీద జర జరిగింది.