తేనెటీగలు పెట్టిన పేరు

పొద్దున్నే కాఫీ తాగి, యెరిత్సా పెరట్లోని తేనెపెట్టెల దగ్గరికి వెళ్లి, ఒక్కో పెట్టెనూ వేలితో తట్టి ఇంటి కబుర్లు చెప్పొస్తుంది. ఆవు పాలు తగ్గించింది, కొడుకు లూకా రంపం విరగ్గొట్టాడు, ఇలాంటివి. ఈగలు వింటాయి, బదులు చెప్పవు. ఆ కొండ ఊళ్లో అవి నోరు విప్పేది బిడ్డ పుట్టినప్పుడే. కబురు అందగానే పేరు చెబుతాయి. ఆ పేరు తెలిశాకే ఫాదర్ కూడా జ్ఞానస్నానం నీళ్లు సిద్ధం చేస్తాడు.

ఈసారి పుట్టబోయేది యెరిత్సా మనవరాలే. ఆడపిల్లేనని మంత్రసాని తెరెజా పొట్ట చూసి తేల్చేసింది. పిల్లకి తన తల్లి పేరు రావాలని యెరిత్సా నెల్లాళ్లుగా పెట్టెల ముందు నిలబడి "నేజా, నేజా" అని నూరిపోస్తోంది.

"ఇదన్యాయం అత్తయ్యా! వాటికి ట్యూషన్ చెబుతున్నారా?" అంది కోడలు పొలోనా, నడుం పట్టుకుని నవ్వుతూ.

"నువ్వు మాత్రం నిన్న కిటికీలోంచి త్యాషా, త్యాషా అని అరవలేదూ?"

ఆ నవ్వులోనే పొలోనాకి నొప్పులు మొదలయ్యాయి.

లిండెన్ చెట్లు విరగబూసిన రోజులు. పేరు వినడానికి ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. ఎవరో రేగుపళ్ల సారా తెచ్చారు. లూకా కాళ్లు నిలవక గొడ్డలి పట్టుకుని అవసరం లేని కట్టెలు కొడుతున్నాడు.

మధ్యాహ్నానికి పిల్ల పుట్టింది. ఏడవలేదు.

తెరెజా తలకిందులుగా పట్టుకుంది, వీపు మీద చరిచింది, అరికాళ్లు రుద్దింది. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి.

"ఏడవదేం అత్తయ్యా? ఏడవదేం?"

యెరిత్సా చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తింది. అరచేత్తో పెట్టెలు బాదింది.

"పిల్ల పుట్టింది, వింటున్నారా? పుట్టింది కానీ..."

పెట్టెలన్నీ ఒక్కసారే మోగాయి. "జీవా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. వాళ్ల భాషలో జీవా అంటే బతికున్నది అని. చర్చి రాకముందు ఆ కొండల్లో మొక్కిన తల్లి పేరూ అదే.

"ఎగతాళా? ఊపిరి లేని పిల్లకి ఆ పేరా?"

"జీవా," అన్నాయి మళ్లీ, ఇంకా గట్టిగా. ఏ పేరూ అవి రెండోసారి చెప్పి ఎరగవు.

అప్పుడు తట్టింది ఆమెకి. పిల్లని ఇంకా ఎవరూ పిలవనే లేదు! లోపలికి దూసుకొచ్చి, తెరెజా చేతుల్లోంచి పిల్లని లాక్కుని, చెవి దగ్గర నోరు పెట్టింది.

"జీవా! ఒసే జీవా! నిన్నేనే!"

పిల్ల ముక్కు ముడిచింది. పిడికిలి బిగించింది. ఇల్లెగిరిపోయేలా కేరుమంది.

గుమ్మంలో నిలబడ్డ ఫాదర్ కళ్లు తుడుచుకుంటూనే నసిగాడు. "ఆ పేరుతో పునీతురాలెవరూ లేరే, యెరిత్సా."

"వెళ్లి వాటితో చెప్పుకోండి ఫాదర్."

ఆయన కిటికీ వంక చూశాడు. అద్దం కనపడనంతగా ఈగలు. జ్ఞానస్నానం నీళ్లు సిద్ధం చేయడానికి చొక్కా చేతులు మడిచాడు.

లూకా వాకిట్లోకి పరుగున వచ్చి, రెండు చేతులూ పైకెత్తి "జీవా!" అని అరిచాడు. కూతురి పేరు చెప్పాడో, కూతురు బతికిందని చెప్పాడో ఎవరూ అడగలేదు. వాకిట్లో ఒక్కసారిగా లేచిన గోలలో లోపలి ఏడుపు కూడా కాసేపు వినపడలేదు.