శుక్రవారం గడిలో దమ్ము

"రేపు పొద్దుగాల సుల్తానాబాద్ బస్సెక్కు. మీ తల్లిగారింట్ల వేయించుకో, ఎన్ని మిరపకాయలన్న" అన్నాడు జైపాల్ భార్యతో, అన్నం కలుపుతూనే.

పొద్దుటి నుంచి ఈ మాట వినడం హర్షిణికి నాలుగోసారి. అత్త పోశవ్వకు మూడు నెలల్లో పదకొండుసార్లు నడిరాత్రి ఊపిరాడక దమ్ము లేచింది. కోడలి వంట వల్లనేనని అత్త, కాదని కోడలు. స్టాటిస్టిక్స్ చదివిన మనిషి కనుక లెక్కతోనే తేలుస్తానని హర్షిణి ల్యాప్‌టాప్ తెరిచింది. మామ సదయ్య గోడ క్యాలెండర్లో రాసిపెట్టిన తారీఖులు, వేళలు అన్నీ ఎక్కించింది. లెక్క నడిపే ఆదేశాలు, ఏది ఎందుకు చేసిందో చెప్పే మాటలు, రెండూ ఒకే ఫైలులో రాసుకోవడం ఆమె అలవాటు. రేపెవరు నడిపినా అదే జవాబు రావాలి, ఎందుకొచ్చిందో తెలియాలి.

తీరా వచ్చిన జవాబు ఆమె మెడకే చుట్టుకుంది. తొమ్మిదిసార్లు శుక్రవారం గడిలోనే, రాత్రి రెండు ప్రాంతంలో. గురువారం సాయంత్రం ఆమె కారప్పొడికి మిర్చి వేయిస్తుంది.

ఇప్పుడు ఆమే ఆ జవాబు తప్పంటోంది.

"తారీఖులు ఒక్క రోజు ముందుకు జరపాలె. దమ్ము లేచింది శనివారం తెల్లారుజామున. అంటే శుక్రవారం మాపటికి అత్తమ్మ వేసే మైసాచి పొగ తర్వాత."

పోశవ్వ కంచం తోసేసింది. "దేవునికి వేసే పొగకు దమ్ము లేస్తదా? నీ మిరపకాయలేమో మల్లెపూలా?"

"నువ్వాగవ్వా." జైపాల్ ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. "మొన్నొక జవాబు, ఇయ్యాలొక జవాబు. తనకు కావల్సింది వచ్చేదాక తిప్పుతది."

"మొన్నటిది తుడవలే. అండ్లనే ఉంది, చదువు."

గొంతు పెంచి మరీ చదివాడు. "'శుక్రవారం గడిలో రాత్రి రెండు అంటే గురువారం రాత్రి తెల్లవారకముందే అనుకున్నాను. మామయ్యను అడగలేదు.' ఇన్నరా? అడగలేదట! తన తప్పు తనే రాసిపెట్టిన దొంగను ఇప్పుడే చూస్తున్న."

ఆ వాక్యం తీసేసి ఉంటే ఈ ఎగతాళి తప్పేది. కానీ నిన్న దాన్ని మళ్లీ చదివినప్పుడే హర్షిణికి అనుమానం పుట్టింది.

"కింద ఇంకోటుంది. ఏప్రిల్‌ల దవాఖానకు ఉరికినం గదా, ఆ రాత్రి. చీటీ మీద తారీఖు పద్నాలుగు. క్యాలెండర్ల పదమూడు."

"ఒక్కటి తప్పు పడితే అన్నీ జరుపుతవా?" అన్నాడు జైపాల్.

"అందుకే అడుగుతున్న. మామయ్యా, రాత్రి రెండింటికి అత్తమ్మకు దమ్ము లేస్తే ఏ గడిల రాస్తరు?"

సదయ్య ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగినవాడు. ప్రశ్నే వింతగా తోచింది. "ఏ గడేంది? మూడో షిఫ్టుకు రాత్రి ఏ తారీఖున దిగితే, తెల్లారేదాక మస్టర్ల హాజరు అదే తారీఖు. శుక్రవారం రాత్రి రెండంటే శుక్రవారమే. పొద్దు పొడిస్తేనే శనివారం."

జైపాల్‌ది కూడా అదే బాయి, అదే మస్టరు. అతడు ల్యాప్‌టాప్ మూసి, హర్షిణి వైపు చూడకుండా పక్కకు నెట్టాడు.

"ముసలోనికి సుత మందు పెట్టింది" అంది పోశవ్వ.

సదయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, గొంతు పెంచకుండానే ముగ్గురికీ చెప్పాడు.

"రేపటి సంది ఇంట్ల మైసాచి వెయ్యొద్దు. మిరపకాయలు సుత వాకిట్లనే వేయించుండ్రి. హర్షిణి యాడికీ పోదు."