పళ్ళ డాక్టరుగారి హెలికాప్టర్‌కు అదనపు హంగులు

పళ్ళ డాక్టరుగారికి రెండు క్లినిక్కులు. ఒకటి కొండకు ఇవతల, ఇంకొకటి అవతల. మధ్యలో రోడ్డు మెలికల మీద మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలకు డాక్టరుగారి కడుపు కూడా తిరిగేది. కారాపి రోడ్డు పక్కన వాంతి చేసుకోకుండా ఆయన ఏనాడూ అవతలికి చేరలేదు. ఒకరోజు ఆయన వాలకం చూసి, పన్ను పీకించుకోవడానికి వచ్చిన పెద్దాయనే లేచి, డాక్టరుగారిని కుర్చీలో పడుకోబెట్టి మంచినీళ్ళు పట్టాడు.

"ఇక లాభం లేదు. ఆరు నూరైనా సరే, చిన్న హెలికాప్టర్ కొనేస్తాను" అన్నారు డాక్టరుగారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి.

ఆయన భార్యకు మొక్కల నర్సరీ ఉంది. కుండీలు నింపిన పెద్ద వ్యాను కూడా తనే నడుపుతుంది. "కారుకే తట్టుకోలేని కడుపు గాల్లో తట్టుకుంటుందా?" అని అడిగింది.

"గాల్లో మెలికలుండవుగా!"

మర్నాడే ముగ్గురూ బయలుదేరారు. మూడో మనిషి ఆవిడ తమ్ముడు. సోఫాల కొట్టు నడుపుతాడు. అతన్నెవరూ పిలవలేదు, కానీ అతను లేకుండా ఆ ఇంట్లో చీపురు కూడా కొనరు.

హెలికాప్టర్లు అమ్మే ఆఫీసు చిన్న విమానాల మైదానం పక్కనే ఉంది. లోపల గోడంత తెర. దాని మీద నలుగురు కూర్చునే హెలికాప్టర్ బొమ్మ. ఏ హంగు కావాలంటే అది, అక్కడి అమ్మాయి వేలు పెట్టి నొక్కగానే బొమ్మకు వచ్చి అతుక్కుంటుంది.

"ముందు లైటు. కింద పెద్ద లైటుండాలి. లైటు లేకుండా నేను పని చెయ్యలేను" అన్నారు డాక్టరుగారు.

"సార్, మీరు గాల్లో పళ్ళు పీకరు కదా?" అంది అమ్మాయి.

"అలవాటమ్మా!"

లైటు అతుక్కుంది. బావమరిది కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మైకు పెట్టించు బావా. పైనుంచి మన సోఫాల గురించి చెప్పుకుంటూ పోవచ్చు. సీట్లకి తోలు. ఏసీ. ఆ, నీళ్ళలో పడితే తేలడానికి గాలి తిత్తులు కూడా పెట్టమ్మా."

"ఇక్కడ చుట్టుపక్కల నీళ్ళెక్కడున్నాయిరా?" అంది అక్క.

"మీ ఇంటి మీద ట్యాంకుందిగా!"

ఆవిడ తల కొట్టుకుంది. కానీ తనూ తక్కువేమీ తినలేదు. కింద వేలాడే కొక్కెం కావాలంది. దానికి చెట్లు కట్టుకుని నేరుగా గుంటలోకి దించేయొచ్చట. కిందికి తొంగిచూడటానికి బుడగలా ఉబ్బిన కిటికీ అద్దాలు కూడా కావాలంది. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే బావామరుదులు హెలికాప్టర్‌కు ఏ రంగు వెయ్యాలని వాదులాడుకుంటున్నారు. తెర మీది బొమ్మ పెళ్ళికూతురిలా నిండుగా తయారైంది.

అమ్మాయి గొంతు సవరించుకుంది. "అన్నీ బాగున్నాయి సార్. కానీ హంగు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, మనుషులు తగ్గాలి. ఇవన్నీ పెడితే ఇందులో పైలట్‌గారొక్కరే ఎక్కగలరు. ఆయన కూడా మీసం తీసేస్తే మంచిది."

మూల నిలబడ్డ పైలట్ గబుక్కున మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు. అది మామూలు మీసం కాదు మరి.

"నేను సన్నబడతాను, తోలు సీట్లు మాత్రం తియ్యద్దు" అన్నాడు బావమరిది. అక్క అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సామాన్లు తూచే కాటా మీద నిలబెట్టింది. అతను ఊపిరి బిగబట్టాడు. గోడ పట్టుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. ముల్లు మాత్రం కనికరించలేదు.

"చూడమ్మాయ్," అంది అక్క, "ఇందులోంచి తియ్యాల్సిన మొదటి అదనపు సామాను మా తమ్ముడే."

మాటల్తో ఇది తేలదని, ఒకసారి ఎక్కి చూడమని బయట ఉన్న, ఉబ్బిన అద్దాలూ మైకూ బిగించిన నమూనా హెలికాప్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. పైలట్ పక్కన భార్య కూర్చుంది. ఆవిడ ముందు కూడా నడిపే కర్ర ఒకటుంది. నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టే రెండో జత అది. వెనక, ఉబ్బిన అద్దం పక్కన డాక్టరుగారు కూర్చున్నారు. బరువు లెక్క కుదరక బావమరిది కిందే ఉండిపోయాడు.

హెలికాప్టర్ లేచింది. డాక్టరుగారు అద్దంలోంచి కిందికి చూశారు. నేల లేదు. ఇంతకాలం నేల అంతస్తు క్లినిక్కుల్లో పని చేసిన మనిషికి, తనకు ఎత్తంటే భయమన్న సంగతి ఆ క్షణంలోనే తెలిసింది. ప్రాణాలు పైకే పోతున్నా గుండె మాత్రం కిందికి జారింది. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరకాలని తడుముకుంటే, ముందు సీటు వెనక వేలాడుతున్న మైకు చేతికి చిక్కింది. మీట మీద బొటనవేలు పెట్టి బిగించేశారు.

మైదానమంతా ఆయన గొంతు మారుమోగింది.

"అమ్మో! బాబో! దించండి! ఇక జన్మలో ఎవరి పన్నూ ముట్టుకోను! చీమ కుట్టినట్టుంటుందని చెప్పేదంతా అబద్ధం! చచ్చేంత నొప్పి! నాకు తెలుసు! ఏమోయ్, నర్సరీలో నీ గులాబీలు ఎండిపోయింది తెగులుతో కాదు, నేను నీళ్ళు పొయ్యలేదు!"

చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకున్న భార్యకు పైలట్ మాట తప్ప, ఇంజను హోరులో ఇంకొక్క ముక్క కూడా వినపడలేదు. ఆవిడ మరో లోకంలో ఉంది. పైలట్ "కొంచెంసేపు పట్టుకోండి మేడమ్, మెత్తగా" అని కర్ర అప్పగించాడు. లేత నారు పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకుంది. హెలికాప్టర్ తొణక్కుండా బెణక్కుండా సాగిపోయింది. పైలట్ ఆశ్చర్యపోయి మీసం దువ్వుకున్నాడు.

దిగేసరికి కింద జనం పోగయ్యారు. బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఎంత స్పష్టంగా వినపడిందో! ఇంకేది తీసేసినా మైకు మాత్రం ఖాయం!"

అతని వెనకే బుగ్గ వాచిన మెకానిక్ వచ్చి నిలబడ్డాడు. "డాక్టరుగారూ, మొన్న నాకూ చీమ కుట్టినట్టేనని చెప్పారు మీరు."

డాక్టరుగారు ఆ బుగ్గ వైపు చూడకుండా జేబులోంచి కారు తాళాలు తీశారు. "నేను కొనను. ఇంటికెళ్ళిపోదాం" అన్నారు చివరికి నీరసంగా.

"అదేం కుదరదు, కొంటున్నాం" అంది భార్య. కళ్ళు మెరుస్తున్నాయి. "నేను నడుపుతాను."

గులాబీల సంగతి బావమరిది అప్పటికే ఆవిడ చెవిన వేశాడు. కాబట్టి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తెర ముందు కూర్చుని ఆవిడే ఒక్కొక్కటీ పీకించేసింది. లైటు పోయింది. తోలు పోయింది, తిత్తులు పోయాయి, ఏసీ పోయింది. మైకు దగ్గర తమ్ముడు చేతులు పట్టుకున్నాడు. "మన ఇంటి గుట్టు మన ఇంట్లోనే ఉండాలిరా" అని అదీ తీయించింది. కొక్కెం మాత్రం ఉంచి, తను నేర్చుకోవడానికి రెండో జత కర్రలు కొత్తగా పెట్టించింది.

మూల ముడుచుకుని కూర్చున్న డాక్టరుగారిని చూసి అమ్మాయికి జాలేసింది. "సార్, మీకోసం ఒక్కటైనా తీసుకోండి. దీనికి చక్రాలుండవు, కింద కమ్ములుంటాయంతే. షెడ్డులోంచి బయటికి తోయాలంటే కమ్ములకి చిన్న చక్రాలు తగిలించాలి. ఎగిరే ముందు తీసి నేలమీదే ఉంచేస్తారు."

"నేలమీదే?" డాక్టరుగారు తలెత్తారు.

"నేలమీదే సార్."

"రెండు జతలివ్వు తల్లీ!" అన్నారాయన.

భార్య లైసెన్సు తెచ్చుకోవడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. ఇప్పుడు పొద్దున్నే డాక్టరుగారు చొక్కా చేతులు మడిచి, చక్రాలు తగిలించి, హెలికాప్టర్‌ను షెడ్డులోంచి తోస్తారు. "కుడికి! మీ కుడికి కాదు, నా కుడికి!" అని భార్య అరుస్తుంది. అవతల క్లినిక్కుకు పంపాల్సిన కట్టుడు పళ్ళ డబ్బాలను ఆయనే వెనక సీట్లో పెట్టి, బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూస్తారు. పళ్ళు ఆకాశంలో వెళ్ళిపోతాయి. డాక్టరుగారు చెయ్యూపి, జేబులో నిమ్మకాయ వేసుకుని, కారెక్కి మెలికల రోడ్డు పడతారు.