వర్తకవీథిలో మూలమేడ

ఆషాఢమాసారంభమున తొలకరిజల్లు కురిసి వెలిసిన ప్రాతఃకాలమున సముద్రమునుండి వీచు నుప్పుగాలికి సున్నపుగోడలు మెల్లమెల్లగా నాఱుచుండ, బాలభానుకిరణములు పిట్టగోడలమీఁది గచ్చునెమళ్లకు బంగారునీరు పోసినట్లు ప్రసరించుచుండ, అంగళ్ల తలుపుపలక లొకదానివెనుక నొకటి యూడఁదీయు చప్పుడు వీథి పొడవునను వినవచ్చుచుండ, కాకినాడ పట్టణమందలి ప్రాఁతవర్తకవీథి మేలుకొనుచుండెను. తెరచాపయోడలు రేవునిండ నిలుచు కాలమున రంగూను టేకుదూలములతోను బెల్లపునీటఁ గలిపిన గచ్చుతోను తాతలు కట్టించిన యా మేడలు క్రింద నంగడియు మీఁదఁ గాపురమును గలవై మూఁడు తరముల కోమట్లను పోషించినవి.

ఆ వీథినడుమ బట్టలయంగడి నడపు గవరయ్యశ్రేష్ఠి మితభాషి, మాటకుఁ గట్టువడువాఁడు. వీథిమొదట మూలమేడలో నూలువర్తకము సేయు విరూపాక్షశ్రేష్ఠి యాయనకు బాల్యమిత్రుఁడు. ఒక పరదేశపుఁ గంపెనీవా రచ్చటి మేడలను గొని పడఁగొట్టి గిడ్డంగులు కట్టఁదలఁచినారని తెలిసిననాఁడు విరూపాక్షశ్రేష్ఠియే వర్తకులనెల్ల కన్యకాపరమేశ్వరి కోవెలకు రప్పించి కర్పూరము వెలిగించెను.

"మన తాతలు కట్టిన గోడలివి. నా మూలమేడ పడితేనే గాని మీలో ఒక్కరి ఇటుకైనా కదలరాదు. ప్రమాణం చెయ్యండి."

అందఱికంటె ముందుగా నా హారతిపైఁ జేయి చాఁచినవాఁడు గవరయ్య. ఆయన తమ్ముఁడు నాగలింగము మాత్రము చేయి చాఁపలేదు.

"రేవు పూడిపోతున్నది అన్నయ్యా. ఈ వీథికి మునుపటి బేరాలు ఇక రావు. అమ్ముకుని మిల్లు పెట్టుకుందాం" అని యతఁ డింట బతిమాలెను. ఆ మాట విరూపాక్షుని చెవినిఁ బడఁగా నాతఁడు గవరయ్యను చాటునకుఁ బిలిచి, "బావా, కట్టు తప్పేవాడు నీ ఇంట్లోనే ఉన్నాడు. వీథంతా నిన్ను చూసి నిలబడింది. ఇక నీ ఇష్టం" అనెను. గవరయ్య మఱునాఁడే పాత్రసామగ్రి పంచియిచ్చి తోడఁబుట్టినవానిని భార్యాబిడ్డలతోడ నిల్లు వెడలించెను. వదిన గుమ్మమున నిలిచి యేడ్చుచుండ నాగలింగ మొక్క పరుషవాక్యమైనఁ బలుకక బండి యెక్కి జగన్నాథపురమునకుఁ బోయెను.

ఆ యాషాఢప్రాతఃకాలమున గవరయ్య తలుపుపలక చేతఁ బట్టుకొనియుండఁగనే వీథిమొదట గునపముల మ్రోఁత వినఁబడెను. పరుగునఁ బోయి చూడఁగా మూలమేడ పిట్టగోడ పెల్లలు పెల్లలుగా రాలుచుండెను. కంపెనీ గుమాస్తా గొడుగు నీడను నిలిచి, "మీరంతా అమ్మమని బిగుసుకు కూర్చున్నారు గనుకనే ఈ మేడకు రెట్టింపు ధర పలికింది శెట్టిగారూ. మాకిక ఈ మూల ఒక్కటే చాలు" అని నవ్వెను.

ప్రక్కసందులో విరూపాక్షశ్రేష్ఠి సామానుబండికిఁ దాళ్లు బిగింపించుచుండెను.

"హారతిమీద చెయ్యి పెట్టించావే, బావా!" అని గవరయ్య బండికాడి పట్టుకొనెను.

"నా మేడ పడితే మీరు కదలవచ్చునని ఆనాడే చెప్పాను గదా. ఇప్పుడు పడింది. నీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకో" అని పలికి యా మిత్రుఁడు బండివానిని తోలుమనెను.

గవరయ్య యంగడి మూయుటయు మఱచి వంతెన దాఁటి జగన్నాథపురమునఁ దమ్ముని యద్దెయింటి ముంగిట నిలిచెను. నాగలింగము లేచి కాళ్లకు నీళ్లిచ్చి పీట వేసి, జరిగినదెల్ల వినెను.

"మన అంగడి నిలిచిందా అన్నయ్యా?"

"నిలిచింది. రారా, ఇంటికి పోదాం."

"నిలిస్తే మంచిదే. దానికోసమేగా నన్ను పంపేశావు. ఆనాడు నన్ను పిలిచి, నీ మనసులో ఏముందిరా అని ఒక్కమాట అడిగి ఉంటే, ఇవాళ పిలవకపోయినా వచ్చేవాణ్ణి."

గవరయ్య యొంటరిగా మరలివచ్చునప్పటికి సాయంకాల మాయెను. కూలిన మేడ యిటుకపొడి గాలికి లేచి తెఱచియున్న యంగడిలోని తెల్లచీరల మడతలపై నెఱ్ఱగాఁ బేరుకొనియుండెను. ఇరుగుపొరుగు వర్తకులు మూఁగి, "అయ్యో, నీవంటివాణ్ణి ఎంత మోసం చేశాడు శెట్టీ!" అని యోదార్చుచుండ నాయన తల యెత్తలేదు. వంచింపఁబడినవానికి లోకుల జాలి చందనమగునందురు. వంచకుని మాటపైఁ దనవానిని వెడలఁగొట్టినవానికి నదియే శూలము.

ఒక్కొక్క చీరనే విప్పి గవరయ్య దులుపుచుండెను. వీథిమొదట గునపములు మ్రోఁగుచునే యుండెను.